షుగర్ ఉన్న ఇల్లు: మేము నేర్చుకున్నది

(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన షోలాపూర్‌లో రాఖీ పున్నమి నాడు మార్కండేయ స్వామి రథం వెంట ఎంత దూరమైనా నడుస్తాం. మిగతా రోజుల్లో పక్క గల్లీకి కూడా బండి తీస్తాం. తాతల కాలంలో గుంట మగ్గం మీద కాళ్లూ చేతులూ రెండూ ఆడేవి. ఇప్పుడు సాంచా ఆడుతుంది, మనం నిలబడి చూస్తాం. బీడీలు చేసే మన ఆడవాళ్లు పొద్దంతా కూర్చునే ఉంటారు. తిండి మాత్రం పాతదే.

మా ఇంటి సంగతే చెబుతాం. మా బాపుకు షుగర్ అని తెలిశాక ఆరు నెలలు మాత్రలు వేసుకున్నాడు. "ఒంట్లో మంచిగనే ఉంది, ఇంకెందుకు?" అని మానేశాడు. మాకు చెప్పలేదు, మేమూ అడగలేదు. సాంచాల మధ్య చెప్పుల్లేకుండా తిరుగుతుంటే కాలికి ఏదో గుచ్చుకుంది. నొప్పి తెలియలేదు. మేము చూసేసరికి వేలు నల్లబడింది. తీసేయక తప్పలేదు. షుగర్ ముదిరితే నరాలు మొద్దుబారి నొప్పే తెలియదని అప్పుడు గానీ మాకు అర్థం కాలేదు.

ఆ తర్వాత ఇంట్లో అందరం మారాం. ముందు చాయ్. రోజుకు ఆరు చాయ్‌లు, కప్పుకు రెండు చెంచాలు అంటే దాదాపు 50 గ్రాముల చక్కెర. ఇప్పుడు రెండే చాయ్‌లు, అవీ చక్కెర లేకుండా. బెల్లం వేసుకుంటే ఏమీ కాదన్నది ఉత్త మాట.

కంచంలో సగం కూరగాయలు, పావు వంతు పప్పు, పావు వంతు రొట్టె లేదా అన్నం. జొన్నరొట్టె మంచిదే, కానీ అదీ పిండి పదార్థమే. నాలుగు తినేచోట రెండు చాలు. రోజూ అరగంట నడక, వారానికి కనీసం ఐదు రోజులు.

రాత్రి పాళీ చేసేవాళ్లు తిండి మానొద్దు. మాత్రలో ఇన్సులిన్‌లో వాడుతుంటే షుగర్ 70 కంటే దిగి చెమటలు, వణుకు రావచ్చు. అప్పుడు మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, పావుగంటకు మళ్లీ చూసుకోవాలి. ఇంకా 70 కంటే తక్కువే ఉంటే ఇంకోసారి తాగాలి.

పరగడుపున 126, లేదా మూడు నెలల సగటు పరీక్షలో 6.5 శాతం, ఆపైన వస్తే షుగర్ ఉన్నట్టే. రెండోసారి చేయించి ఖాయం చేసుకోవాలి. ఏడాదికోసారి కంటిపాప వెనక పొర చూపించుకోవాలి. పోగు కనపడకపోతే మనకు పనే లేదు కదా! రోజూ రాత్రి పాదాలు చూసుకోవాలి. వంగలేని పెద్దవాళ్లవి పిల్లలు చూడాలి. డాక్టరును అడగకుండా మాత్రలు మానొద్దు.

పడుగులో ఒక్క పోగు తెగినా సాంచా ఆపి ముడి వేస్తాం. రేపు చూద్దాంలే అనం. ఈ రాత్రి ఇంటికి పోయి అమ్మనో బాపునో ఒక్క మాట అడగండి: "మాత్ర వేసుకున్నవా?" మేము అడగని మాట అదే.