వంటింట్లో కాంటా
(స్వర్ణోత్సవ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. పొద్దున్నుంచి చూస్తున్నాను, కలిసినవాళ్లం పిల్లల సంగతి అడగంగానే "షుగరెంత?" అని అడుగుతున్నాం. చాలామంది దగ్గర డాక్టరు రాసిన చీటీ ఉంది. రోజుకు 1500 క్యాలరీలనో, 1600 అనో. చీటీ బాగానే ఉంది గానీ, మన ఇంటి పప్పులో ఎన్ని క్యాలరీలున్నాయో ఎవరు చెప్పాలె? ఫోన్లో యాప్‌ను అడిగితే "పప్పు, ఒక కప్పు" అని ఒక అంకె చూపిస్తది. ఎవరింటి పప్పు? ఏ కప్పు? మా వదిన పోపులో వేసే నూనె, మా చెల్లె వేసే నూనె ఒకటి కాదు. నూనె గ్రాముకు 9 క్యాలరీలు మరి.

అందుకే ఇంట్లో వండింది ఇంట్లోనే తూయాలి. ఇదేం కొత్త విద్య కాదు. భూపాలపల్లి నుంచి వచ్చిన సింగరేణి మిత్రులను అడగండి. లారీని ఖాళీగా ఒకసారి, లోడుతో ఒకసారి కాంటా ఎక్కిస్తారు, తేడాయే బొగ్గు. జనగామలో వడ్లకైనా, మహబూబాబాద్‌లో మిర్చికైనా బస్తా బరువు తీసేసే లెక్క కడతారు. అక్కడ కిలో తరుగు ఎక్కువ తీస్తే కొట్లాడతాం. కంచంలోకి వచ్చేసరికి మాత్రం గరిటె ఎంతంటే అంత.

పప్పే తీసుకోండి. కందిపప్పు 150 గ్రాములు, 100 గ్రాములకు 330 చొప్పున 495 క్యాలరీలు. నూనె 20 గ్రాములు, 180. టమాట, ఉల్లిగడ్డ కలిపి ఓ 50. మొత్తం 725. ఈ అంకెలు ఎక్కడివంటే, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో 528 ఆహార పదార్థాలకు పట్టికలు వేసింది, మన దినుసులన్నీ దాదాపు అందులో దొరుకుతాయి. వండినాక గిన్నెతో సహా తూచి, ఖాళీ గిన్నె బరువు తీసేయండి. పప్పు కిలో తేలితే గ్రాముకు ముప్పావు క్యాలరీ కంటే కొంచెం తక్కువ. 120 గ్రాములు వడ్డించుకుంటే 87. రేపు నీళ్లు ఎక్కువై పలుచనైతే మళ్లీ తూయాలి. నీళ్లకు క్యాలరీలు లేవు, బరువుంది.

పెళ్లిలో పెట్టిన స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టించుకున్నాం కదా. మా ఇంట్లో పేరు కింద గిన్నె బరువు కూడా కొట్టించాం.

అసలు చిక్కు అన్నంతో. ఇంగ్లిషు యాప్‌లో రెంటికీ "రైస్" అనే ఉంటుంది. మన భాషలో బియ్యం వేరు, అన్నం వేరు. 100 గ్రాముల బియ్యంలో 356 క్యాలరీలు; ఆ బియ్యం ఉడికితే దాదాపు 300 గ్రాముల అన్నం. ఆ 300 గ్రాముల అన్నాన్ని తూచి బియ్యం లెక్కన కడితే 1068 వస్తుంది. అది చూసి భయపడి సగం తీసేసేవాళ్లున్నారు. ఇన్సులిన్ వేసుకునేవాళ్లు అట్లా తీసేస్తే షుగర్ పడిపోయి కళ్లు తిరుగుతాయి. మన టీచర్లకు ఈ తికమక ఉండదు. మధ్యాహ్న భోజనంలో ప్రైమరీ పిల్లలకు 100 గ్రాములు, ఆరు నుంచి ఎనిమిది వరకు 150 గ్రాములు అని వాళ్లు రాసేది బియ్యం లెక్కే.

సకినాలకేం చేయాలని ఇందాక ఒక చెల్లె అడిగింది. మూకుడులో పోసే ముందు నూనె తూచి, కాల్చినాక చల్లారనిచ్చి మళ్లీ తూయమ్మా. తగ్గినదంతా సకినాలు తాగిందే అనుకో, పెద్ద తప్పు రాదు. సంక్రాంతి పూట ఆ అంకె ఇంటాయనకు చూపించాలా వద్దా అనేది నీ ఇష్టం.

ఒక ఇంటి సంగతి చెప్పి కూర్చుంటాను. మా బ్యాచ్ మిత్రుడొకాయన తన షుగర్ కోసం ఈ తూకం మొదలుపెట్టాడు. ఒక రాత్రి ఊరికే, ఇంట్లో అందరి పళ్లాలూ తూచాడు. ఆయనది 340 గ్రాముల అన్నం. అందరికీ పెట్టి ఆఖరున కూర్చున్న ఆయన భార్యది 140, కూర గిన్నెలో మిగిలింది అడుగంటిన నాలుగు ముక్కలు. రక్తం తక్కువుందని ఆమె ఏడాదిగా గోలీలు మింగుతున్నది. గోలీలు ఇప్పుడూ వేసుకుంటున్నది. కాకపోతే ఆ ఇంట్లో గిన్నె దించగానే కాంటా మీదికి ముందు ఆమె పళ్లెం ఎక్కుతున్నది.