నల్లేరు పచ్చడి తినండి, మందు మానకండి



ఈ ఏడాది ఒక అక్క కట్టు కట్టిన చేత్తో మా దగ్గరికి వచ్చింది. మోటెల్‌లో గదులు శుభ్రం చేసే పని. తడి నేల మీద జారి చెయ్యి ఆనిస్తే మణికట్టు విరిగింది. ఎముకలు గుల్లబారాయని, అంటే ఆస్టియోపొరోసిస్ అని, డాక్టరు అంతకుముందే మాత్రలు రాశారట. "ఊరి నుంచి నల్లేరు పొడి వచ్చింది గదా అని మానేశాను" అంది. ఆమెను తప్పుపట్టడం లేదు. మనలో చాలామందికి అదే నమ్మకం ఉంది, అందుకే ఈ నాలుగు మాటలు.

నల్లేరు మన ఇంటి తీగే. లేత కాడలకు నార తీసి, నూనెలో వేయించి, చింతపండు వేసి పచ్చడి నూరుతాం. హిందీలో దాన్ని ఎముకను అతికించేది అనే అర్థంలో హడ్‌జోడ్ అంటారు. 2003లో అండాశయాలు తీసేసిన ఎలుకలకు నల్లేరు సారం ఇచ్చి చూస్తే ఎముకకు మేలు కనబడింది. ఆశ పెట్టుకోదగ్గ సంగతే. కానీ ఎలుకలో కనబడింది మనిషిలోనూ నిలబడాలి గదా!

సోయా సంగతే చూడండి. నెలసరి ఆగాక ఈస్ట్రోజన్ తగ్గి, ఎముక కట్టే కణాల కన్నా కరిగించే కణాల జోరు పెరుగుతుంది. సోయాలోని ఐసోఫ్లేవోన్లు ఈస్ట్రోజన్‌ను పోలి ఉంటాయి కాబట్టి ఎముకను కాపాడతాయనుకున్నారు. ఇక్కడే మయామీలో 248 మంది స్త్రీలను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు రోజూ 200 మిల్లీగ్రాములు, రెండో జట్టుకు మందు లేని మాత్రలు రెండేళ్లు ఇచ్చారు. 2011లో ఫలితం వచ్చింది. ఎముక నష్టం ఆగలేదు.

ఇంకో సంగతి. 1994 నాటి చట్టం ప్రకారం అమెరికాలో సప్లిమెంట్లు అమ్మాలంటే ముందుగా ఎఫ్‌డీఏ అనుమతి అక్కర్లేదు. సీసా మీద "ఎముకల బలానికి" అని రాసినంత మాత్రాన అది మందు అయిపోదు.

మరి ఏం చేయాలి? పెరుగు, రాగులు, నువ్వులు తినండి. నడవండి. 65 దాటిన ఆడవాళ్లు డెక్సా స్కాన్ చేయించుకోండి. నెలసరి ఆగి, ఎముక విరిగిన చరిత్ర ఉన్నవాళ్లు ముందే అడగండి. ఇన్సూరెన్స్ లేకపోతే కమ్యూనిటీ హెల్త్ సెంటర్‌కు వెళ్లండి, అక్కడ ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గిస్తారు. అలెండ్రోనేట్ మాత్రలు జెనరిక్‌లో దొరుకుతాయి. ఆరు నెలలకోసారి వేసే డెనోసుమాబ్ ఇంజక్షన్‌ను మాత్రం సొంతంగా ఆపకండి. ఆపితే వెన్నుపూసలు విరిగే ప్రమాదం ఉంది. పొడులు వాడుతుంటే డాక్టరు దగ్గర దాచకండి.

నల్లేరు మీద బండి నడక అంటాం. గుల్లబారిన ఎముకతో బతుకుబండి అంత సాఫీగా సాగదు. మన ఒంటి కష్టమే మన ఆస్తి. దాన్ని కాపాడుకుందాం. పచ్చడి తిందాం, మందూ వేసుకుందాం.