కాగితం దగ్గర ఆగిపోతున్న చదువులు

(విశాఖపట్నం ఆటోనగర్‌లో ఒక ఆదివారం సాయంత్రం, కాలేజీల్లో చేరబోయే పిల్లలూ వాళ్ళ తల్లిదండ్రులూ కూర్చున్న సభలో మా బృందం తరఫున చేసిన ప్రసంగం)



ఇక్కడ వెల్డింగు చేసేవాళ్ళున్నారు. లేతు మీద నిలబడేవాళ్ళున్నారు. లారీ బాడీలు కట్టే షెడ్లలో హెల్పర్లున్నారు. ఉక్కు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలికి పోయేవాళ్ళు, ఆ ఫ్యాక్టరీకి భూములిచ్చి ఇళ్ళు వదులుకున్న ఊళ్ళవాళ్ళు కూడా ఉన్నారు. వారానికి దొరికే ఒక్క సెలవు మాకిచ్చారు. కాబట్టి ఎక్కువ మాట్లాడం. చెప్పేది ఒక్కటే. మన పిల్లల్లో చాలామంది చదువు మార్కుల దగ్గర ఆగడం లేదు, కాగితం దగ్గర ఆగుతోంది.

రెండేళ్ళ కిందట ఒక రెల్లి కుర్రాడు డిప్లొమాలో చేరాడు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒకలా ఉంది, ఆధార్‌లో ఇంకోలా ఉంది. తేడా ఒక్క అక్షరం. స్కాలర్‌షిప్పు దరఖాస్తు వెనక్కి వచ్చింది. తండ్రి కూలి పోగొట్టుకుని ఆఫీసుకి మూడుసార్లు తిరిగాడు. నాలుగోసారి వెళ్ళేసరికి గడువు దాటిపోయింది. రెండో ఏడు ఫీజు కట్టలేక కుర్రాడు మానేశాడు. ఇవాళ సభకు రమ్మంటే, అర్జంటు బండి వచ్చిందని మేస్త్రి పిలిచాడు, రాలేనన్నాడు. షెడ్డు పని తక్కువదని మేమనం. మనల్ని బతికించింది ఆ పనే. కానీ ఆ పని మనిషి ఇష్టపడి చేయాలి. ఒక అక్షరం అతన్ని అక్కడికి నెట్టడమేమిటి?

ఈ మాట చెబితే ఒక తల్లి మాతో అంది: "ఆళ్ళేదో దయతలిచి ఇత్తన్నారు బాబూ, రాకపోతే మనమేటి సేత్తాం?"

అమ్మా, ఎవరి దయ? ఆ సంగతి తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

బాబాసాహెబ్ అంబేద్కర్ ఇంటర్ పాసయ్యాక ఇంట్లో డబ్బుల్లేక చదువు ఆగిపోయే పరిస్థితి వచ్చింది. కృష్ణాజీ అర్జున్ కేలూస్కర్ అనే మాస్టారు ఆయన్ని వెంటబెట్టుకుని బరోడా మహారాజు దగ్గరికి తీసుకువెళ్ళాడు. నెలకు 25 రూపాయలు సాయం దొరికింది. 1912లో బి.ఏ. పాసయ్యారు. 1913లో ఆ రాజు ఇచ్చిన స్కాలర్‌షిప్పుతోనే అమెరికా వెళ్ళి కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు. బదులుగా పదేళ్ళు సంస్థానంలో కొలువు చేయాలని ఒప్పందం. 1917లో వచ్చి కొలువులో చేరితే ఏం జరిగింది? ఆఫీసు జవాన్లు ఫైళ్ళు దూరం నుంచి బల్లమీదకి విసిరారు. ఆ ఊళ్ళో తల దాచుకోవడానికి ఇల్లు కూడా దొరకలేదు.

అందుకే ఆయన చేతికి అధికారం రాగానే ఒక పని చేశారు. 1942లో వైస్రాయి కౌన్సిల్‌లో సభ్యుడయ్యారు. అదే ఏడాది అక్టోబరులో మన కష్టాల మీద వైస్రాయికి ఒక వినతిపత్రం రాసి, మన పిల్లల చదువుకు ప్రభుత్వ ఖజానా నుంచి డబ్బు కేటాయించాలని అడిగారు. 1944లో ఎస్సీ పిల్లలకు పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్పు మొదలైంది. అంటే దేశానికి స్వాతంత్ర్యం రాకముందే, రాజు దయ మీద నడిచిన దాన్ని ఖజానా బాధ్యతగా మార్చారు. ఆ తర్వాత ఎన్ని ప్రభుత్వాలు ఎన్ని పేర్లు పెట్టినా, ఎవరి బొమ్మలు వేసుకున్నా, మన పిల్లలకు దాని వేరు అక్కడుంది. ఇది మనకు రావలసిన బాకీ. బాకీ అడగడానికి సిగ్గెందుకు?

డబ్బు లేదంటారా? 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఈ ఒక్క పథకానికి అయిదేళ్ళకు 59,048 కోట్లు ఆమోదించింది. నూటికి 60 పాళ్ళు కేంద్రం, 40 పాళ్ళు రాష్ట్రం ఇవ్వాలని లెక్క. కేంద్రం వాటా నేరుగా పిల్లల సొంత బ్యాంకు ఖాతాలో పడాలి. ఇందులో ఒక మెలిక ఉంది. రాష్ట్రం తన వాటా వేశాకే కేంద్రం వాటా కదులుతుంది. రాష్ట్రం ఆలస్యం చేస్తే రెండూ ఆగుతాయి. నష్టపోయేది బల్లమీద కూర్చున్న పిల్లే.

మన రాష్ట్రంలో డబ్బు వచ్చే దారి కూడా మాటిమాటికీ మారింది. ఒకప్పుడు ఫీజు కాలేజీ ఖాతాకు వెళ్ళేది. 2021లో తల్లి ఖాతాకు వేశారు. తర్వాత తల్లీ బిడ్డా కలిసి ఉమ్మడి ఖాతా తెరవమన్నారు. 2024లో ప్రభుత్వం మారాక మళ్ళీ కాలేజీ ఖాతాల దారి పట్టారు. దారి మారినప్పుడల్లా కొందరు పిల్లలు మధ్యలో పడిపోయారు. కాబట్టి పోయినేడాది అన్న ఎలా చేశాడో చెల్లెలూ అలాగే చేస్తే సరిపోతుందనుకోవద్దు. ఏ ఏటి కా ఏడు అడిగి తెలుసుకోండి.

ఇప్పుడు పని సంగతి. ఇంజను మొత్తం బాగుండి ఒక వాషరు పోతే బండి ఆగుతుందని మీకు మేం చెప్పక్కర్లేదు. దరఖాస్తు కూడా అంతే.

ఒకటి. పదో తరగతి మెమో, ఆధార్, కుల ధ్రువపత్రం, బ్యాంకు పుస్తకం, ఈ నాలుగూ పక్కపక్కన పెట్టండి. పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం సరిచూడండి. తేడా ఉంటే ఇవాళే సరిచేయించండి. సీటు వచ్చాక చూద్దామంటే టైము చాలదు.

రెండు. ఖాతా ఉంటే చాలదు, అది ఆధార్‌తో కలిసి ఉండాలి. వాడకం లేక మూసుకుపోయిన ఖాతాలో పడాల్సిన డబ్బు వెనక్కి పోతుంది. బ్యాంకుకు వెళ్ళి అడగండి.

మూడు. ఆదాయ ధ్రువపత్రం. 2021 కేంద్ర నిబంధనల్లో కుటుంబ ఆదాయం హద్దు ఏడాదికి రెండున్నర లక్షలు. అంటే నెలకు 20,800 చిల్లర. తండ్రి కాంట్రాక్టు కూలికి, తల్లి ఆస్పత్రిలో ఊడ్చే పనికి పోతే ఇద్దరి జీతం కలిసి ఆ గీత దాటుతుంది. ఆ ఇంట్లో చదువుకు మిగిలేది ఏముంది? ఈ హద్దు పెంచాలని మనం గట్టిగా అడగాలి.

నాలుగు. చేరే ముందే అడగండి: ఈ సీటు కన్వీనరు కోటాదా, యాజమాన్య కోటాదా? ఈ కోర్సుకు ఫీజు సాయం వర్తిస్తుందా? 2020 డిసెంబరులో 77వ నంబరు జీవో తెచ్చి ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవాళ్ళకు సాయం ఆపేశారు. తెలియక చేరినవాళ్ళు అప్పుల పాలయ్యారు.

అయిదు. హాజరు నూటికి 75 ఉండాలి. ప్రతి ఏడూ రెన్యువల్ చేయాలి. మొదటి ఏడు వచ్చింది కదా అని ఊరుకుంటే రెండో ఏడు రాదు.

గడువు ఎంత క్రూరమైనదో ఒక సంగతి చెబుతాం. 2024 జూన్‌లో ఉత్తరప్రదేశ్ ముజఫర్‌నగర్ జిల్లాలో ఒక దళిత కూలివాని కొడుక్కి ధన్‌బాద్ ఐఐటీలో సీటొచ్చింది. కట్టాల్సింది 17,500 రూపాయలు. చేబదుళ్ళు తెచ్చి కట్టేలోపు సాయంత్రం 5 గంటల గడువు దాటింది, సీటు పోయింది. ఆ కుటుంబం ఊరుకోలేదు. కోర్టుల చుట్టూ తిరిగి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. సెప్టెంబరు 30న కోర్టు ఆ కుర్రాణ్ణి చేర్చుకోవాల్సిందేనని ఆదేశించింది. గెలిచాడు, సంతోషం. కానీ ప్రతి కూలివాని కొడుకూ 17,500 కోసం సుప్రీంకోర్టుకు వెళ్ళగలడా?

డబ్బు ఆలస్యమైతే కొన్ని కాలేజీలు పిల్లల మీద పడతాయి. మాకు తెలిసిన ఒక అమ్మాయి డిగ్రీ పాసైంది. ప్రభుత్వం నుంచి ఫీజు రాలేదు కాబట్టి నువ్వు కడితేనే సర్టిఫికెట్లు ఇస్తామన్నారు. ఆ గొడవలో బి.ఇడి. సీటు పోయింది. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు తమ దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే ప్రకటించింది. ఆ కాగితం పట్టుకుని పదిమందిమి వెళ్ళాం. గంటలో ఇచ్చేశారు. ఆ అమ్మాయి అంతకుముందు ఒక్కతే ఆరుసార్లు వెళ్ళింది. ఒక్కతే వెళ్ళినప్పుడు గేటు దగ్గరే ఆపేశారు.

ఒంటరితనం అన్నిటికంటే ప్రమాదం. 2016 జనవరి 17న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ప్రాణం తీసుకున్న రోహిత్ వేముల, తన చివరి ఉత్తరంలో కూడా ఏడు నెలల ఫెలోషిప్పు, 1,75,000 రూపాయలు రావాల్సి ఉందని రాశాడు. ఆ బాకీ కింద ఎంత బరువుందో తల్లిదండ్రులుగా మనం ఊహించుకోవాలి. ఫీజు మాట ఎత్తితే నాన్న బాధపడతాడని పిల్లలు దాస్తారు. దాయనివ్వకండి. మీరే అడగండి. డబ్బు రాలేదంటే అది పిల్ల తప్పు కాదని ముందుగా చెప్పండి.

కేలూస్కర్ మాస్టారి సంగతి మళ్ళీ గుర్తు చేసుకుందాం. అంబేద్కర్ అంతటి తెలివైన మనిషికి కూడా తలుపు దాకా వెంట నడిచేవాడు ఒకడు కావాల్సి వచ్చింది. మన వీధిలో ఆ పని ఎవరు చేస్తారు? ఇంటర్ చదివిన ప్రతి ఒక్కరూ చేయగలరు. వీధికి ఇద్దర్ని ఎంచుకుందాం. ఒక నోటు పుస్తకం పెడదాం. ఏ ఇంటి పిల్ల ఏ కోర్సు, దరఖాస్తు ఎప్పుడు వేసింది, కాలేజీ ఎప్పుడు పంపింది, వార్డు సచివాలయం అని మనం పిలిచే ఆఫీసులో ఎక్కడ ఆగింది, అన్నీ తేదీలతో రాద్దాం. దరఖాస్తు నంబరు కాగితం పారేయొద్దు. ఆగినచోట నోటిమాటతో సరిపెట్టుకోకుండా రాతపూర్వకంగా అడుగుదాం. జవాబు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడదాం. 30 రోజుల్లో చెప్పి తీరాలి. ఒక్కో మనిషి పనికి నాగా పెట్టి తిరిగే బదులు, పది ఇళ్ళ కాగితాలు పట్టుకుని ఇద్దరు వెళ్తే ఎనిమిది ఇళ్ళ కూలి మిగులుతుంది.

మాల పిల్లైనా, మాదిగ పిల్లైనా, రెల్లి పిల్లైనా ఆ పుస్తకంలో ఒకే వరసలో ఉండాలి.

వచ్చే ఆదివారం ఇదే చోట బల్ల వేస్తాం. మెమో, ఆధార్, కుల ధ్రువపత్రం, బ్యాంకు పుస్తకం తీసుకురండి. మీ పిల్లతోపాటు పక్కింటి పిల్లనీ పిలుచుకురండి. మానేసిన ఆ డిప్లొమా కుర్రాడి దగ్గరికి ఈ రాత్రికే మేం వెళ్తున్నాం. మళ్ళీ చేరే దారి ఉందేమో కనుక్కుంటాం. మీలో ఇద్దరు మాతో రండి.

జై భీమ్.