జీతం ఎంత అని అడిగే ముందు
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్కాలర్‌షిప్పుల గురించి పెద్దలు ఇప్పటికే వివరంగా చెప్పారు. ఆ పిల్లలు చదువు ముగించి ఉద్యోగంలో చేరాక ఏమవుతోందో నేను చెబుతాను. నా వృత్తి అకౌంట్స్. ముప్పై ఏళ్లుగా కంపెనీల జీతాల లెక్కలు చూస్తున్నాను.

మనం ఫీజు కట్టి చదివించిన కుర్రాడు ఒకడు హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగంలో చేరాడు. ప్యాకేజీ 3 లక్షల 60 వేలు. మొదటి ఏడాది మన ఇఫ్తార్‌కు వచ్చాడు. తర్వాత కనిపించలేదు. ఫోన్ చేసి అడిగితే, "అక్కడికొస్తే అందరూ ఎంతొస్తుందని అడుగుతారు చాచా. నాతో చదివినవాడికి 12 లక్షలు. నేనేం చెప్పుకోను?" అన్నాడు. చేతికొచ్చేది పాతికవేల చిల్లర. అందులో 12 వేలు ఇంటికి పంపుతున్నాడు. అక్క పెళ్లికి వాళ్ల అబ్బా చేసిన అప్పు తీరుతున్నది ఆ డబ్బుతోనే. ఆ మాట అతను చెప్పుకోలేదు, మనమూ అడగలేదు.

పెద్ద ఐటీ సేవల కంపెనీల్లో కొత్తగా చేరేవారి ప్యాకేజీ పదేళ్లకు పైగా 3, 4 లక్షల దగ్గరే తచ్చాడుతోంది. హాస్టల్ అద్దెలు, బస్సు చార్జీలు మాత్రం అక్కడ ఆగలేదు. మనవాడిలాంటి వాళ్లు వేలమంది ఉన్నారు. అయినా ఎవరికి వారు తామొక్కరమే వెనకబడ్డామనుకుంటారు. ఎందుకంటే 12 లక్షలు వచ్చినవాడే ఆ మాట పదిమందికి చెబుతాడు.

పోల్చుకుంటే మనసుకు ఏమవుతుందో అమెరికాలో పరీక్షించి చూశారు. 2008లో కాలిఫోర్నియాలో ఒక దినపత్రిక ప్రభుత్వ ఉద్యోగుల జీతాలన్నీ ఇంటర్నెట్‌లో పెట్టింది. డేవిడ్ కార్డ్ అనే ఆర్థికవేత్త, ఆయన సహచరులు అక్కడి స్టేట్ యూనివర్సిటీ ఉద్యోగుల్లో కొందరికి ఆ వివరాలు ఎక్కడున్నాయో తెలియజేశారు, మిగతావారికి చెప్పలేదు. తర్వాత ఇద్దరినీ ప్రశ్నించారు. తమ విభాగంలో తక్కువ జీతం ఉన్నవారికి విషయం తెలిశాక ఉద్యోగం మీద తృప్తి తగ్గింది, వేరే ఉద్యోగం వెతుక్కోవాలన్న ఆలోచన పెరిగింది. ఎక్కువ జీతం ఉన్నవారికి? సంతోషం ఏమీ పెరగలేదు. పైనున్నవాడికి దక్కింది లేదు, కిందున్నవాడికి నష్టం. ఈ కార్డ్ గారికే తర్వాత, 2021లో, వేరే పరిశోధనలకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఇంతకీ మన పిల్లలు పోల్చుకునే అంకె అసలు జీతమేనా అన్నది నా వృత్తికి సంబంధించిన ప్రశ్న. 6 లక్షల సీటీసీ అంటే నెలకు 50 వేలని పన్నెండుతో భాగించి చెప్పేస్తారు. కాగితం తీసి చూద్దాం. బేసిక్ సగం, అంటే నెలకు 25 వేలు అనుకుందాం. కంపెనీ కట్టే పీఎఫ్ 12 శాతం, నెలకు 3 వేలు, ఆ 6 లక్షల్లోనే ఉంటుంది. గ్రాట్యుటీ పేరుతో బేసిక్ మీద 4.81 శాతం కూడా అందులోనే. అది సాధారణంగా ఐదేళ్లు పనిచేస్తే గాని చేతికి రాదు. వేరియబుల్ పే 60 వేలు అనుకుంటే, అది కంపెనీ లాభాలు చూసి ఇచ్చేది. ఇవి పోగా అతని వాటా పీఎఫ్ మరో 3 వేలు, ప్రొఫెషనల్ టాక్స్ 200. చివరికి బ్యాంకులో పడేది 37,600 దగ్గర.

ఇంకొకడికి 5 లక్షలు, వేరియబుల్ లేదు. వాళ్ల కంపెనీ పీఎఫ్‌ను 15 వేల పరిమితి మీదే, అంటే నెలకు 1,800 చొప్పున కడుతుంది. అతని చేతికి 36,900 దగ్గర వస్తుంది. కాగితం మీద లక్ష తేడా, నెలాఖరున 700 తేడా! మొదటివాడికి పీఎఫ్‌లో పొదుపు ఎక్కువ పడుతుంది, అది నిజమే. కానీ ఒకడు గచ్చిబౌలిలో హాస్టల్‌కు కడుతూ, రెండోవాడు గుంటూరులో అమ్మీ చేతి అన్నం తింటూ ఉంటే ఎవరు ముందున్నారంటారు?

గల్ఫ్ జీతాల లెక్క ఇంకా చిత్రం. రియాల్‌ను రూపాయల్లోకి మార్చి ఊరంతా చెప్పుకుంటాం. ఖర్చు కూడా రియాళ్లలోనే అన్నది మరచిపోతాం. సౌదీలో కుటుంబాన్ని దగ్గర పెట్టుకున్నవారిమీద 2017 జూలైలో తలకు నెలకు 100 రియాళ్ల ఫీజు మొదలైంది. ఏటా వంద చొప్పున పెరిగి 2020 నాటికి 400 అయింది. భార్య, ఇద్దరు పిల్లలు ఉంటే నెలకు 1,200 రియాళ్లు. ఆ ఫీజు భరించలేక కుటుంబాలను ఇంటికి పంపేసినవాళ్లు మన మొహల్లాల్లో ఎంతమంది లేరు! జీతం మాత్రం ఎప్పుడూ పాత అంకెతోనే వినిపిస్తుంది.

పెళ్లి సంబంధాల్లోనూ ఇదే అంకె నడుస్తుంది. ప్యాకేజీ పెరిగేకొద్దీ జోడే కీ రఖం ఎలా పెరుగుతుందో ఈ హాల్లో అందరికీ తెలుసు. దాని గురించి మాట్లాడాలంటే వేరే సభ పెట్టాలి.

మన ధర్మంలో లెక్క వేసే పద్ధతి చూడండి. మనలో ఎక్కువమంది పాటించే జకాత్ లెక్క జీతం ఎంతని అడగదు. అప్పులు పోగా మిగిలింది నిసాబ్‌కు, అంటే 612.36 గ్రాముల వెండి విలువకు చేరి ఏడాది నిలిచిందా అని అడుగుతుంది. నిలిస్తే రెండున్నర శాతం. 2 లక్షలు జీతం తెచ్చుకుని కారుకు, ఫ్లాట్‌కు, క్రెడిట్ కార్డుకు కట్టి నెలాఖరుకు చేతులు దులుపుకునేవాడి కంటే, 30 వేలల్లో 3 వేలు వెనకేసేవాడు ఈ లెక్కలో ముందుకొస్తాడు. ఒకరిని మించి ఒకరు కూడబెట్టాలన్న పోటీ పేరుతోనే ఖురాన్‌లో 102వ సూరా ఉంది, అత్‌తకాసుర్. ప్రాపంచిక విషయాల్లో మనకంటే తక్కువ స్థితిలో ఉన్నవారిని చూడమని దైవప్రవక్త (స) చెప్పిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది.

అయితే ఆ హదీసు చెప్పి పిల్లల నోరు మూయించకండి. అదే పని చేస్తున్న పక్క సీటువాడికి ఎంతిస్తున్నారో తెలుసుకోవడంలో తప్పులేదు. మన ఆడపిల్లలకు అది మరీ అవసరం. ఒకే పనికి మగవాడికి ఎక్కువ, ఆడవారికి తక్కువ ఇవ్వకూడదని మన దేశంలో 1976లోనే చట్టం వచ్చింది. పోల్చి చూసుకోకపోతే తేడా ఉందని ఆ అమ్మాయికి తెలిసేదెలా? హక్కు అడగడానికి జీతం తెలుసుకోవాలి. అదే అంకెతో మనిషి విలువ కడితేనే చిక్కు. మొదటిది ఆఫీసులో జరగాలి. మనం రెండోదాన్ని దావత్‌లో, మసీదు మెట్ల మీద చేస్తున్నాం.

అందుకే దాతలకు ఒక మనవి. మీరు చదివించిన పిల్లలు ఎదురైతే జీతం ఎంత అని పదిమందిలో అడగకండి. పని ఎలా ఉంది, ఇంట్లో అప్పు ఎంతవరకు తీరింది, ఎవరైనా ఇబ్బంది పెడుతున్నారా అని అడగండి. మీలో హెచ్‌ఆర్‌లో, ఆడిట్‌లో పనిచేస్తున్నవారు చాలామంది ఉన్నారు. ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టే ముందు ఈ పిల్లలతో నెలకు ఒక గంట కూర్చుని సీటీసీ విడదీసి చూపించండి. చందా కంటే ఆ గంట వారికి ఎక్కువ అక్కరకొస్తుందని నా నమ్మకం, కోశాధికారిగారు ఏమీ అనుకోకపోతే.

ఈ రోజు ఆఫర్ లెటర్లు తెచ్చుకున్న పిల్లలు ఐదారుగురు ఉన్నారని విన్నాను. జొహర్ నమాజు, భోజనాలు అయ్యాక వెనక గదిలో కూర్చుందాం. కాగితాలన్నీ తెచ్చుకోండి, చివరి పేజీలోని అనుబంధం కూడా. వేరియబుల్ పే సంగతి రాసేది అక్కడే.