చివరి వాంగ్మూలం ఎవరిది?
(దుత్తలూరులో చేసిన స్మారకోపన్యాసం)



స్మారకోపన్యాసం అనగానే చరిత్రో సాహిత్యమో మాట్లాడాలని మనకో అలవాటు. ఉదయగిరి కోట, 1514లో దాన్ని పట్టుకున్న కృష్ణదేవరాయలు ఎటూ చేతికందే విషయాలే. కానీ ఈ సభ ఎవరి జ్ఞాపకార్థమో ఆ మాస్టారికి సినిమా అంటే ప్రాణం. అందుకని సినిమా గురించే మాట్లాడతాను. అదీ మనవాళ్లు పెద్దగా పట్టించుకోని సినిమా: కమల్‌హాసన్ ‘పోతురాజు’.

కమల్ పేరెత్తితే ‘మరోచరిత్ర’ అంటాం, ‘సాగర సంగమం’ అంటాం, ‘స్వాతిముత్యం’ అంటాం. ‘పోతురాజు’ అనేవాళ్లు అరుదు. 2004 సంక్రాంతికి తమిళంలో ‘విరుమాండి’గా వచ్చిన చిత్రమిది. రచన, దర్శకత్వం, నాయక పాత్ర అన్నీ ఆయనవే. మొదట పెట్టిన ‘సండియర్’ అనే పేరుకి పుదియ తమిళగం పార్టీ నాయకుడు కృష్ణస్వామి అభ్యంతరం చెప్పారు. గొడవ ముదిరి పేరు మార్చుకోవాల్సి వచ్చింది. చిత్రీకరణప్పుడే మాటలు రికార్డు చేసిన సినిమా కావడంతో మదురై యాస దానికి ఆయువుపట్టు. డబ్బింగ్‌లో పోయింది సరిగ్గా అదే. మనవాళ్లకి ఇది ఎక్కకపోవడానికి సగం కారణం అక్కడే ఉందనుకుంటాను. నేను మాత్రం తమిళంలోని పేర్లే వాడతాను.

నేర చిత్రాల్లో నోయిర్ అని ఒక తరహా ఉంది. అందులో మంచివాడెవడో చెడ్డవాడెవడో ఓ పట్టాన తేలదు. కత్తి పట్టినవాడితో పాటు చూస్తూ ఊరుకున్నవాడికీ పాపంలో వాటా ఉంటుంది. వాన రాత్రి, సిగరెట్ పొగ, గోడ మీద నీడలు 1940ల్లో హాలీవుడ్ దానికి వేసిన వేషం. ‘పోతురాజు’లో అవేవీ లేవు. మండే ఎండ, జల్లికట్టు, కొడవళ్లు. అయినా నా లెక్కలో ఇది నోయిరే.

తగాదా నీళ్ల దగ్గర మొదలవుతుంది. కమల్ వేసిన విరుమాండి పొలంలో నీళ్లున్నాయి. కొత్తాళ తేవర్ కన్ను వాటి మీద. బోరు వేస్తే నీళ్లు పడతాయో లేదో, పడినా అందులో ఎంత ఫ్లోరైడ్ ఉందోనని బెంగపడే మన మెట్ట మండలాలకి ఈ కథ విడమరిచి చెప్పక్కర్లేదు. డెల్టాలో కయ్యలున్నవాళ్లకైతే కాస్త చెప్పాలి.

కథ చెప్పేది జైలు నుంచి. ఉరిశిక్ష మీద డాక్యుమెంటరీ తీయడానికి ఏంజెలా అనే ఆవిడ వస్తుంది. ఆ పాత్ర వేసింది మన అనకాపల్లిలో పుట్టిన రోహిణి. యావజ్జీవం పడిన కొత్తాళ (పశుపతి) ముందు తన కథ చెబుతాడు. తర్వాత ఉరిశిక్ష పడిన విరుమాండి చెబుతాడు. మనుషులూ సంఘటనలూ అవే, పాపం మాత్రం చేతులు మారుతుంది. కొత్తాళకి పగవాడైన నాయకర్ ఊరి మీద పడి నరికిన ఘట్టం చూడండి. కొత్తాళ మాటల్లో అది విరుమాండి దుడుకు తెచ్చిన ఘోరం. విరుమాండి మాటల్లో అది కొత్తాళ పన్నిన పన్నాగం. కానీ అక్కడ తను ఉన్నాననీ, ఆపలేకపోయాననీ, తర్వాత కొత్తాళని కాపాడటానికి అబద్ధం చెప్పాననీ ఒప్పుకుంటాడు. సినిమాలో అన్నిటికన్నా నల్లటి చోటు ఇదే. తనే దర్శకుడై ఉండి తన నాయకుడి చేత ఆ మాట చెప్పించడానికి ధైర్యం కావాలి.

ఆ ధైర్యం చివరిదాకా నిలవలేదన్నదే నా ఫిర్యాదు. కురొసావా ‘రషోమాన్’ (1950)లో ఎవరి మాట నిజమో తేలదు. ఇక్కడ తేల్చేశారు. రెండో వాంగ్మూలమే నిజం, అది హీరోది. నటుడే దర్శకుడైతే వచ్చే చిక్కు ఇదే: కెమెరా చివరికి తన వైపే తిరుగుతుంది. కన్నడంలో 2014లో రక్షిత్ శెట్టి తీసి, నటించిన ‘ఉళిదవరు కండంతె’ ఈ చిక్కుని దాటింది. మల్పె రేవు ఊళ్లో జరిగిన నేరాన్ని తలా ఒక ముక్కగా ఇతరుల నోట చెప్పించాడు. థియేటర్లలో ఆడలేదు, అభిమానులు తర్వాత పుట్టుకొచ్చారు. మన దగ్గర అడివి శేష్ ‘కర్మ’ (2010), విశ్వక్ సేన్ ‘ఫలక్‌నుమా దాస్’ (2019) నటుడే దర్శకుడైన సినిమాలు. రెండోది మలయాళ ‘అంగమాలీ డైరీస్’కి రీమేక్. ఇంతటి చీకట్లోకి అవి దిగలేదు.

అన్నలక్ష్మి (అభిరామి) సంగతి చూడండి. ఒకడి మాటలో ఆమె ఎత్తుకుపోయిన పిల్ల. ఇంకొకడి మాటలో ఇష్టపడి కట్టుకున్న భార్య. ఇద్దరి కథల్లోనూ చనిపోయేది ఆమే. ఏంజెలా కెమెరాకి దొరికింది ఇద్దరు మగవాళ్ల వాంగ్మూలాలే. అడగాల్సిన మూడో మనిషి లేదు. ఆ లోటు దర్శకుడు కావాలని పెట్టాడని నేననుకోను. పెట్టకపోయినా సినిమాకి బలం దానివల్లే వచ్చింది.

చిత్రం క్షమాభిక్ష విన్నపం దగ్గర ఆగుతుంది. అది మనకి కొత్త కాదు. 1993 మార్చి 8న చిలకలూరిపేట దగ్గర బస్సు దహనంలో 23 మంది చనిపోయారు. ఉరిశిక్ష పడిన ఇద్దరికీ 1998లో రాష్ట్రపతి దాన్ని యావజ్జీవంగా మార్చారు. ఉరి తీయాలా, క్షమించాలా అన్న చర్చ మన పల్లెల్లోనూ జరిగింది. ‘పోతురాజు’ వచ్చినప్పుడు మాత్రం దాన్ని ఎవరూ గుర్తు చేసుకోలేదు.

నిర్వాహకులకు ఒక మనవి. వచ్చే ఏడు ఈ వేదిక మీద ఇదే సినిమా గురించి అన్నలక్ష్మి వైపు నుంచి ఒక స్త్రీ చేత మాట్లాడించండి. నేను ముందు వరసలో కూర్చుని వింటాను.