ఆ చావు ఏ పుస్తకంలో ఉంది?



"భారతదేశంలో నేరాలు" అని కేంద్రం ఒక పెద్ద పుస్తకం వేస్తుంది. వేసేది ఎన్‌సీఆర్‌బీ. అందులో ఎస్టీల మీద జరిగిన నేరాలకు వేరే అధ్యాయం ఉంది. ఆ అంకె కాస్త తగ్గితే చాలు, "చూశారా, మీ మీద దాడులు తగ్గాయి" అంటారు. నేనడిగేది ఒకటే. ఆ అంకె ఎక్కడ పుట్టింది?

ఢిల్లీలో కాదు. మన మండలంలో, స్టేషన్ రైటర్ టేబుల్ మీద పుట్టింది. అక్కడ రాయనిది ఢిల్లీలో ఉండదు.

మనవాడి శవం వాగు పక్కన దొరికిందనుకోండి. ఒంటి మీద దెబ్బలున్నాయి. అయినా అనుమానాస్పద మృతి అని రాస్తారు. పాత చట్టంలో 174, ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్‌ 194. పోస్ట్‌మార్టంలో హత్య అని తేలితే సెక్షన్ మార్చాలి. వెంటపడేవాళ్లు లేకపోతే ఎవరు మారుస్తారు? ఆ చావు హత్యల్లోకి రాదు. ప్రమాద మరణాలు, ఆత్మహత్యలకు వేరే పుస్తకం ఉంది, అందులోకి పోతుంది.

సరే, హత్యే అని రాశారు. బీఎన్‌ఎస్‌ 103. చంపినవాడు గిరిజనేతరుడు. కానీ అట్రాసిటీ చట్టం 3(2)(వి) కలపలేదు. అప్పుడది దేశంలోని హత్యలన్నిట్లో ఒకటైపోతుంది, మన అధ్యాయంలో కనపడదు. "భూమి తగాదా అయ్యా, కులం చూసి చంపలేదు" అంటారు. ఈ మాటకు జవాబు చట్టంలోనే ఉంది, గుర్తు పెట్టుకోండి. ఎస్టీ అయినందుకే చంపాడని ఒకప్పుడు రుజువు చేయాల్సి వచ్చేది. 2016 జనవరి నుంచి అమలైన సవరణతో, ఎస్టీ అని తెలిసి చేస్తే చాలు. పక్క ఊరివాడికి మనం ఎవరమో తెలియదా?

ఎన్‌కౌంటర్ల సంగతి మరీ విడ్డూరం. ఎఫ్‌ఐఆర్‌ ఉండాలి, స్వతంత్ర దర్యాప్తు జరగాలి అని 2014లో పీయూసీఎల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఎఫ్‌ఐఆర్‌ ఉంటుంది, లేకేం! పోలీసుల మీద హత్యాయత్నం అని, చాలాసార్లు చనిపోయినవాడి మీదే.

ఫిర్యాదు చేసినవాళ్లకు ఎఫ్‌ఐఆర్‌ కాపీ ఉచితంగా ఇవ్వాలి. చేతికి రాగానే సెక్షన్లు రాసిన చోటు చూడండి. 194 ఒక్కటే ఉంటే పోస్ట్‌మార్టం రిపోర్టు అడగండి. 3(2)(వి) లేకపోతే ఎస్పీకి అర్జీ రాసి స్పీడ్ పోస్టులో పంపండి. రసీదు మాత్రం పారేయకండి.