పాత లెక్కలు – క్లౌడ్‌కు దారి



నేను కర్ణాటక సరిహద్దు పల్లెలో బడిపంతులుని. మా బడికి వచ్చే పిల్లల్లో చాలామందికి ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. ఒకటో తరగతి పిల్లవాణ్ణి 'కూడిక చేయరా' అంటే చకచకా చేస్తాడు. 'సంకలన' అంటే బిక్కమొహం వేస్తాడు. వాడికి లెక్క రాక కాదు. ఆ మాటను ఈ మాటతో కలిపే మనిషి మధ్యలో ఉండాలి, అంతే. మనలాంటి రెండు భాషల వాళ్లం చేసే పని అదే.

కంప్యూటర్లకు కూడా ఇలాంటి మధ్యవర్తి కావాలి. దాన్ని కనెక్టర్ అంటారు. అది లేకపోతే ఏమవుతుందో, అందువల్ల మామూలు కుటుంబానికి ఎంత కష్టం వస్తుందో ఈరోజు మీకు చెప్పాలనుకుంటున్నాను.

ముందుగా రెండు మాటలు తేటపరుచుకుందాం. క్లౌడ్ అంటే మబ్బు అని అర్థమే గాని, మన లెక్కలు మబ్బులో ఏమీ ఉండవు. ఎక్కడో ఒక పెద్ద భవనంలో వేల కంప్యూటర్లు ఉంటాయి. వాటిలో కొంత చోటు అద్దెకు తీసుకొని, ఇంటర్నెట్ ద్వారా వాడుకుంటాం. ఇక ఒక ఆఫీసులో జీతాల లెక్క ఒక సాఫ్ట్‌వేర్‌లో, అప్పుల లెక్క ఇంకో దానిలో, సభ్యుల పట్టిక మరో దానిలో ఉంటాయి. వీటన్నిటినీ ఒక్కచోటికి చేర్చే పనిని డేటా ఇంటిగ్రేషన్ అంటారు. ఇందుకోసం అజూర్ డేటా ఫ్యాక్టరీ, అమెజాన్ వారి గ్లూ, ఫైవ్‌ట్రాన్, ఎయిర్‌బైట్ వంటి సాధనాలు ఉన్నాయి. వీటిలో ప్రతిదానికీ ఒక పట్టిక ఉంటుంది. ఏ ఏ చోట్లనుంచి సమాచారం తేగలమో ఆ పట్టికలో రాసి ఉంటుంది. కొన్నిట్లో ఆ పేర్లు వందల సంఖ్యలో ఉంటాయి. అయితే మనకు కావలసిన ఒక్క పేరు అందులో లేకపోతే, మిగతా వందలూ ఉండి ఏం లాభం?

మా సంగతే చెబుతాను. మా ఉపాధ్యాయులకు ఒక పరపతి సహకార సంఘం ఉంది. నెలనెలా జీతంలో పొదుపు పట్టుకుంటారు. అవసరానికి అప్పు ఇస్తారు. సభ్యుడు కాలం చేస్తే ఆయన పొదుపు, మరణ సహాయ నిధి కలిపి నామినీకి ఇస్తారు. ఈ లెక్కలన్నీ 1990ల నుంచి ఫాక్స్‌ప్రో అనే సాఫ్ట్‌వేర్‌లో ఉండేవి. మా గుమాస్తా ఒకాయన దానిమీదే చేయి తిప్పుకొని, చివరికి పదవీ విరమణ చేశాడు. 2021లో సంఘం కమిటీ ఈ లెక్కల్ని క్లౌడ్‌లోకి మార్చాలని తీర్మానించి, ఒక కంపెనీకి పని అప్పగించింది.

కంపెనీ వాళ్లు వచ్చి చూశారు. బ్యాంకు లెక్కలు, జీతాల పట్టిక రెండు రోజుల్లో ఎక్కించేశారు. ఫాక్స్‌ప్రో దగ్గరకు వచ్చేసరికి పని ఆగింది. వాళ్లు కొన్న సాధనం పట్టికలో ఆ పేరే లేదు. ఒప్పందం మీద సంతకం పెట్టేటప్పుడు ఎవరూ ఆ పట్టిక తిప్పి చూడలేదు. నేనూ ఆనాటి సర్వసభ్య సమావేశంలో ఉన్నాను. నేనూ అడగలేదు.

ఎందుకు లేదు అని మీకు సందేహం రావచ్చు. కనెక్టర్ దానంతట అది పుట్టదు. ఎవరో కూర్చొని రాయాలి. రాసి వదిలేస్తే సరిపోదు. అవతలి సాఫ్ట్‌వేర్ మారినప్పుడల్లా దీన్నీ మార్చాలి. అందుచేత ఎక్కువమంది వాడేవాటికే కంపెనీలు ముందు కనెక్టర్లు తయారుచేస్తాయి. ఒక జిల్లాలోనో, ఒక చిన్న సంఘంలోనో వాడే సాఫ్ట్‌వేర్ వంతు వచ్చేది చివర్న, లేదా రానే రాదు. కొన్ని సాఫ్ట్‌వేర్లు బయటివాళ్లకు తలుపే తెరవవు. మరికొన్ని కాలం తీరినవి. ఫాక్స్‌ప్రో సంగతి అదే. 2007లో మైక్రోసాఫ్ట్ దానికి ఇక కొత్త వెర్షన్లు రావని చెప్పింది. 2015 జనవరితో మద్దతు కూడా ముగిసింది.

ఇంకొక చిక్కు ఉంది. పట్టికలో పేరు ఉన్నంత మాత్రాన పని జరుగుతుందని కాదు. కొన్ని కనెక్టర్లు సమాచారం తీసుకురాగలవు గాని, తిరిగి రాయలేవు. కొన్ని రాయగలవు గాని తేలేవు. కొన్ని ఇంకా పరీక్షలో ఉన్నవి. కాబట్టి పేరు ఒక్కటి చూస్తే చాలదు, అది ఏ దిక్కుగా పనిచేస్తుందో కూడా చూసుకోవాలి.

ఈ సమస్య కొత్తది కాదు. పది చోట్లనుంచి పది చోట్లకు విడివిడిగా దారులు వేయాలంటే నూరు దారులు కావాలి. మధ్యలో అందరికీ ఒక సంత ఏర్పాటు చేస్తే ఇరవై దారులు చాలు. ఈ ఆలోచనతోనే 1992లో ఓడీబీసీ అనే ఉమ్మడి పద్ధతి వచ్చింది. తన డ్రైవర్ ఉన్న ఏ డేటాబేస్‌నైనా ఆ ఉమ్మడి భాషలో అడగవచ్చు. పట్టికలో సొంత పేరు లేనప్పుడు మొదట తట్టవలసిన తలుపు ఇదే. మా ఇంజనీర్లూ తట్టారు. మైక్రోసాఫ్ట్ ఫాక్స్‌ప్రోకు ఇచ్చిన డ్రైవర్ 32 బిట్ల కాలానిది. ఆఫీసు కంప్యూటర్‌ను క్లౌడ్‌తో కలిపే ఈనాటి ప్రోగ్రామ్ 64 బిట్లది. పాత తాళంచెవి కొత్త తాళానికి పట్టలేదు.

అప్పుడు వాళ్లు ఇంకో దారి పట్టారు. ఫాక్స్‌ప్రో ఫైళ్లను సీఎస్‌వీ అనే సాదా ఫైలుగా మార్చారు. సీఎస్‌వీ అంటే మరేం కాదు. ఒక్కొక్క సభ్యుడికి ఒక్కొక్క వరుస, గడికీ గడికీ మధ్య కామా. దాన్ని చదవలేని సాధనం దాదాపు లేదు. ఆ ఫైలు క్లౌడ్‌లో పెట్టారు, సాధనం చదువుకుంది. పేర్లు వచ్చాయి, పొదుపు మొత్తాలు వచ్చాయి, అప్పులు వచ్చాయి. అందరం చప్పట్లు కొట్టాం.

2023లో మా తోటి మాస్టారు ఒకాయన గుండెపోటుతో పోయాడు. ముప్పై ఏండ్ల సర్వీసు. ఆయన భార్య సంఘం ఆఫీసుకు వెళ్లింది. కంప్యూటర్‌లో చూస్తే నామినీ గడి ఖాళీ. ఆయన ఒక్కరిదే కాదు, పాత సభ్యులందరిదీ ఖాళీయే.

కారణం తర్వాత తెలిసింది. ఫాక్స్‌ప్రోలో పొడవైన వివరాలను మెమో గడిలో రాస్తారు. ఆ గడిలోని మాటలు అసలు ఫైలులో ఉండవు. అదే పేరుతో పక్కనే ఉన్న రెండో ఫైలులో ఉంటాయి. మా గుమాస్తా నామినీ పేరు, బంధుత్వం, ఊరు అన్నీ ఆ మెమో గడిలో రాసేవాడు. కంపెనీ వాళ్లు మొదటి ఫైలు తీసుకొని, రెండోదాన్ని అక్కడే వదిలేశారు. తప్పు ఉందని కంప్యూటర్ ఎక్కడా అరవలేదు. ఖాళీ గడి కూడా దానికి సరైన గడే.

ఆమెను వంశవృక్ష పత్రం తెమ్మన్నారు. ఆమె పుట్టిల్లు ఆంధ్రలో, మెట్టినిల్లు ఇక్కడ. ఆధార్‌లో ఇంటిపేరు ఒకలాగ, రేషన్ కార్డులో ఇంకొకలాగ. రెండు రాష్ట్రాల తాలూకా ఆఫీసుల మధ్య నాలుగు నెలలు తిరిగింది. ఒకరోజు బస్టాండులో నన్ను చూసి, 'నాయనా, ముప్పై ఏండ్లు నెల తప్పకుండా జీతంలో పట్టుకున్నోళ్లకి నా పేరు ఒక్కటే గుర్తులేకపోయెనా?' అంది. నాకు నోట మాట రాలేదు.

చివరికి మా పాత విద్యార్థి ఒకడు, బెంగళూరులో ఇంజనీరు, సెలవులో వచ్చాడు. విషయం విని పాత గుమాస్తాను పిలిపించుకున్నాడు. బీరువాలో మూలపడి ఉన్న కంప్యూటర్ ఇంకా పలుకుతోంది. ఆ రెండో ఫైలు అందులో ఉంది. రెండు ఫైళ్లనూ కలిపి చదివే చిన్న ప్రోగ్రామ్ రాశాడు. మెమో గడి తెరుచుకుంది గాని, అక్షరాలు పిచ్చి గీతల్లా కనబడ్డాయి. అవి పాత కన్నడ ఫాంటులో కొట్టినవి. ఆ రోజుల్లో చాలా ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల సంకేతాల మీదే మన లిపి బొమ్మల్ని అతికించేవి. ఆ ఫాంటు లేని చోట అవి ఇంగ్లీషు గజిబిజిగానే కనిపిస్తాయి. యూనికోడ్‌లో తెలుగుకు, కన్నడానికి 1991లోనే సొంత స్థానాలు ఏర్పడ్డాయి గాని, మన ఆఫీసుల్లోకి రావడానికి చాలా ఏళ్లు పట్టింది. గుమాస్తా పక్కన కూర్చొని ఏ గీత ఏ అక్షరమో చెబుతుంటే, కుర్రవాడు మార్పిడి పట్టిక తయారుచేశాడు. మూడో రోజు సాయంత్రానికి ఆమె పేరు తెరమీద చక్కగా కనబడింది. ఆ వారంలోనే చెక్కు చేతికి అందింది.

శ్రోతలారా, ఆ కుర్రవాడు చేసినదే సొంత కనెక్టర్. ఈ పనిని కొంత సులభం చేసే పద్ధతులు ఇప్పుడు ఉన్నాయి. 2017లో సింగర్ అనే ఉచిత పద్ధతి వచ్చింది. అందులో సమాచారం తీసే ప్రోగ్రామ్‌కు కుళాయి అని అర్థం వచ్చే పేరే పెట్టారు. 2020లో మొదలైన ఎయిర్‌బైట్‌లో, వెబ్ ద్వారా సమాచారం ఇచ్చే సాఫ్ట్‌వేర్ అయితే, పెద్దగా ప్రోగ్రామింగ్ లేకుండానే కనెక్టర్ తయారుచేసుకోవచ్చు. అయితే రాసినవాడు వెళ్లిపోతే దాన్ని ఎవరు చూసుకుంటారు అన్నది ముందే ఆలోచించాలి. లేకపోతే గుమాస్తా చేతినుంచి కుర్రవాడి చేతికి మారామే తప్ప, కష్టం తీరినట్టు కాదు.

మీలో సహకార సంఘాలు, పాల సంఘాలు, ట్రస్టులు, బడులు నడిపేవాళ్లు ఉంటారు. మా అనుభవం నుంచి నాలుగు మాటలు చెబుతాను.

మొదటిది. కొనే ముందు 'మీకు ఎన్ని కనెక్టర్లు ఉన్నాయి' అని అడగకండి. 'మా సాఫ్ట్‌వేర్‌కు ఉందా, మా ఎదుట ఒకసారి నడిపి చూపండి' అని అడగండి. అది కూడా మీ అసలు లెక్కలతోనే.

రెండవది. కొత్త సాఫ్ట్‌వేర్ కొనేటప్పుడే, అందులోంచి మన లెక్కలు మొత్తం సీఎస్‌వీగా, యూనికోడ్ అక్షరాలతో బయటకు తీసుకునే వీలు ఉండాలని ఒప్పందంలో రాయించండి. లోపలికి పోయే దారి అందరూ చూపుతారు. బయటికి వచ్చే దారి మనమే అడగాలి.

మూడవది. మార్చిన తర్వాత సభ్యుల సంఖ్య, పొదుపు మొత్తం రెండు వైపులా సరిపోల్చండి. అంతటితో ఆపకండి. ప్రతి గడిలో ఖాళీలు ఎన్నో కూడా లెక్కపెట్టండి. మా మొత్తాలు పైసాతో సహా సరిపోయాయి. ఖాళీలు లెక్కపెట్టలేదు, అక్కడే దెబ్బతిన్నాం.

నాలుగవది. పాత సాఫ్ట్‌వేర్ తెలిసిన మనిషిని విరమణ సభలో శాలువా కప్పి పంపేయకండి. ఏ గడిలో ఏం రాశాడో ఒక నోటుబుక్కులో రాయించుకున్నాకే పంపండి. కొత్త లెక్క పూర్తిగా సరిచూసేదాకా పాత కంప్యూటర్‌ను పాత సామాన్లవాడికి వేయకండి.

ఇక సంఘాలు నడపని శ్రోతలకు ఒక్క మాట. మీ బ్యాంకు, మీ సొసైటీ ఈ మధ్య కంప్యూటర్ మార్చిందని తెలిస్తే ఒకసారి వెళ్లి, 'నా నామినీ పేరు తెరమీద చూపించండి' అని అడగండి. సరిహద్దులో ఉన్నవాళ్లం, మన పేరు ఒక రాష్ట్రంలో ఒకలాగ, ఇంకో రాష్ట్రంలో ఒకలాగ రాసి ఉంటుంది. అక్షరం అక్షరం సరిచూసుకోండి. అడగడానికి మొహమాటపడవద్దు. అది మన కష్టార్జితం, మన వాళ్ల పేరు.

ఆ వదినగారి మాట నాకు ఇప్పటికీ వినబడుతూనే ఉంది. పోయిన సర్వసభ్య సమావేశంలో నేను లేచి, ఖాళీ నామినీ గడులు ఇంకా ఎన్ని ఉన్నాయని అడిగాను. లెక్క తీస్తామన్నారు. వచ్చే సమావేశంలో మళ్లీ అడుగుతాను.